చరిత్ర ప్రదర్శనల్లో గ్రాఫిక్ డిజైన్: వాదాలు, వాటి పరిమితులు

చారిత్రక వస్తువులను ప్రదర్శనకు పెట్టిన ఏ గదిలోనైనా వస్తువుల కన్నా ముందే కంటబడేవి కొన్ని ఉంటాయి. గుమ్మం దగ్గర మనిషెత్తున నిలిచే పరిచయ ప్యానెల్, విభాగానికొకటిగా అమర్చిన చిన్న ప్యానెళ్లు, అద్దాల పెట్టెలో వస్తువు పక్కన ఒదిగిన లేబుల్, పటం, కాలరేఖ, గోడంత పెద్దది చేసిన పాత ఫొటో, దారి చూపే బాణం గుర్తు, వీటన్నిటికీ అక్షర రూపాన్ని, కొలతను, రంగును, వరుసను నిర్ణయించే పనిని ప్రదర్శన గ్రాఫిక్ డిజైన్ అంటారు. ఈ పని ఎలా సాగాలన్న విషయంపై మ్యూజియం వర్గాల్లో 130 ఏళ్లకు పైగా వాదోపవాదాలు నడుస్తున్నాయి. మొదట్లో అవి గోడ మీద ఎంత రాయాలన్న ప్రశ్న చుట్టూ తిరిగాయి, తర్వాత ఎలా రాయాలన్న దాని మీదికి మళ్లాయి, గత మూడు నాలుగు దశాబ్దాల్లో ఎవరు రాయాలి, ఎవరి తరఫున రాయాలి అన్న చోటికి చేరాయి. ఈ మూడు ప్రశ్నలూ ఒకదానిలో ఒకటి కలిసిపోవడం వల్ల, సంచయానికి బాధ్యుడైన పండితుడు, అంటే క్యూరేటర్, డిజైనర్ చరిత్రను పలచన చేశాడని ఆరోపించడం, డిజైనర్ క్యూరేటర్ పుస్తకాన్ని తెచ్చి గోడకు అతికించాడని ఎదురు చెప్పడం ఆనవాయితీగా మారింది. మొదటి ప్రశ్నకు సమాధానం చాలావరకు దొరికిపోయిందనీ, వాదాలన్నీ పక్కదారి పట్టడం వల్ల చరిత్రకారులకే సగం తెలిసిన సంగతిని గోడ మీద ఎలా చూపాలన్న అసలు ప్రశ్న మిగిలిపోయిందనీ చూపడం ఈ సమీక్ష ఉద్దేశం.

లేబుల్ నుంచి గోడ దాకా

వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ ఆధ్వర్యంలోని నేషనల్ మ్యూజియాన్ని 19వ శతాబ్దం చివర నడిపిన జార్జ్ బ్రౌన్ గూడ్, బోధనకు పనికివచ్చే మ్యూజియం అంటే ప్రధానంగా చక్కటి లేబుళ్ల సముదాయమనీ, ఒక్కో లేబుల్‌కు ఉదాహరణగా ఒక్కో వస్తువు ఉంటుందనీ ప్రతిపాదించాడు. వస్తువే ముందు, మాట తర్వాత అన్న అప్పటి నమ్మకాన్ని ఈ ప్రతిపాదన తలకిందులు చేసింది. దానికి ఎదురుగా బోస్టన్ లలిత కళల మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ నిలిచాడు. కళావస్తువును చూసి అనుభవించాలే తప్ప పాఠంగా మార్చకూడదన్నది ఆయన పక్షం. 1916లో ఆయన ప్రచురించిన వ్యాసంలో ఒక మనిషి అద్దాల పెట్టెల్లోని వస్తువులను, వాటి లేబుళ్లను చూడటానికి వంగుతూ, మోకాళ్ల మీద కూర్చుంటూ, మెడ సాచుతూ పడే అవస్థను వరుస ఫొటోల్లో చూపాడు. మ్యూజియం అలసట అన్న మాట ఆ వ్యాసంతోనే ప్రచారంలోకి వచ్చింది. సిద్ధాంతాల్లో ఎదురెదురుగా ఉన్న ఈ ఇద్దరిలో లేబుల్‌ను పట్టించుకోని వాడే లేబుల్ పెట్టే ఎత్తు గురించి మొదటి గట్టి ఆధారం అందించడం గమనించదగ్గది.

1925లో వియన్నాలో సాంఘిక, ఆర్థిక విషయాల మ్యూజియాన్ని ప్రారంభించిన తత్త్వవేత్త ఒట్టో న్యూరాత్‌తో ఈ చరిత్రలో పెద్ద మలుపు వచ్చింది. ఆ మ్యూజియంలో చూడవలసిన పురాతన వస్తువులు దాదాపు లేవు. జనాభా, ఇళ్లు, జీతాలు, మరణాలు వంటి లెక్కలే అక్కడి ప్రదర్శన వస్తువులు. ఒక బొమ్మ ఒక నిర్దిష్ట సంఖ్యకు గుర్తు, సంఖ్య పెరిగితే బొమ్మల సంఖ్యే పెరగాలి తప్ప బొమ్మ సైజు పెరగకూడదు అన్నది ఆయన పద్ధతికి మూలసూత్రం. బొమ్మను ఎత్తులోనూ వెడల్పులోనూ రెట్టింపు చేస్తే దాని వైశాల్యం నాలుగింతలై, రెండింతల తేడాను కన్ను నాలుగింతలుగా చదువుతుందన్న లెక్క ఈ సూత్రం వెనక ఉంది. తర్వాత ఐసోటైప్ అన్న పేరు పొందిన ఈ పద్ధతికి గెర్డ్ ఆర్న్‌ట్జ్ బొమ్మలు గీశాడు. పండితుల లెక్కల్లో సామాన్యునికి అందవలసింది ఏదో ఎంచి, దాని కూర్పును తేల్చి, ఆ చిత్తును చిత్రకారుని చేతికి ఇచ్చే పనిని మరీ రైడెమైస్టర్, తర్వాతి పేరు మరీ న్యూరాత్, చేపట్టింది. పండితునికీ చిత్రకారునికీ నడుమ నిలిచే ఈ మూడో మనిషి అవసరమని గుర్తించడమే వియన్నా బృందం చేసిన పనుల్లో అన్నిటికన్నా విలువైనది. నేటి మ్యూజియాల్లో ఆ స్థానం చాలాచోట్ల ఖాళీగానే ఉంది.

అదే కాలంలో గోడ మొత్తాన్నీ ఒకే కూర్పుగా మలిచే ధోరణి బలపడింది. 1928లో కొలోన్ నగరంలో జరిగిన పత్రికా ప్రదర్శనలో రష్యన్ కళాకారుడు ఎల్ లిసిట్‌స్కీ బృందం సోవియట్ విభాగానికి భారీ ఫొటో కూర్పులు చేసింది. 1930లో పారిస్‌లో డిజైనర్ హెర్బర్ట్ బాయర్ చూపు నలుదిశలా పోగలదన్న ఆధారంతో ఫొటో ప్యానెళ్లను నేల నుంచి కప్పు దాకా వేర్వేరు కోణాల్లో వంచి నిలిపాడు. 1942లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ స్టైకెన్‌తో కలిసి ఆయన రూపొందించిన యుద్ధకాలపు ప్రదర్శనలో సందర్శకులు గోడంత ఫొటోల మధ్య ముందే గీసిన దారిలో నడిచి చివరికి విజయం మీద నమ్మకంతో బయటకు రావాలి. 1936లో బెర్లిన్‌లో నాజీ ప్రభుత్వం జరిపిన ప్రదర్శనకు పరిచయ పుస్తకాన్ని కూర్చిన చెయ్యి కూడా బాయర్‌దే. ఒకే నైపుణ్యం రెండు రాజ్యాలకూ అంతే చక్కగా పనిచేసిందన్న వాస్తవాన్ని డిజైన్ చరిత్ర గ్రంథాలు తరచు ఒక్క వాక్యంతో దాటేస్తాయి.

భారతదేశంలో ఈ పరంపర అమెరికన్ డిజైనర్లు చార్ల్స్, రే ఈమ్స్ దంపతుల ద్వారా ప్రవేశించింది. 1958లో వారు ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక ఫలితంగా 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. 1965 జనవరిలో న్యూయార్క్‌లో మొదలైన నెహ్రూ జీవిత ప్రదర్శనను ఈమ్స్ కార్యాలయమూ ఆ సంస్థ బృందమూ కలిసి తయారు చేశాయి. ఫొటోలు, ఆయన రచనల్లోని వాక్యాలు, వస్త్రాలు, తేదీలు ఒకదాని మీద ఒకటి పరచుకునే ఆ శైలి తర్వాతి కాలపు భారతీయ ప్రదర్శనల మీద స్పష్టమైన ముద్ర వేసింది. అదే శైలిలో ఈమ్స్ కార్యాలయం 1975లో తయారు చేసిన ఫ్రాంక్లిన్, జెఫర్సన్ ప్రదర్శన న్యూయార్క్ చేరాక, చదవవలసిందీ చూడవలసిందీ మోయలేనంతగా ఉందని విమర్శకులు తప్పుపట్టారు. సమాచార సమృద్ధి మీద ఉన్న మోజు అక్కడ తన హద్దును తాకింది.

మూడు పక్షాలు, ఒక రాగి శాసనం

ఈ చరిత్ర నుంచి మూడు ప్రధాన పక్షాలు తేలాయి. వస్తుప్రధాన పక్షం లేబుల్‌ను వీలైనంత చిన్నది చేసి, ఖాళీ గోడను, వెలుతురును, దూరాన్ని వస్తువు సేవకు వినియోగిస్తుంది. బోధనప్రధాన పక్షం సందర్శకునికి అర్థం కావడమే గీటురాయిగా భాషను, సైజును, క్రమాన్ని తీర్చుతుంది. కథాప్రధాన పక్షం వస్తువు, ఫొటో, అక్షరం, శబ్దం అన్నిటినీ కలిపి ఒక నడకగా మలిచి, సందర్శకుణ్ణి కాలంలోకి తీసుకుపోవాలనుకుంటుంది. 1993లో వాషింగ్టన్‌లో తెరిచిన హోలోకాస్ట్ స్మారక మ్యూజియం ఈ చివరి పక్షానికి ప్రసిద్ధ నమూనా. రాల్ఫ్ ఆపెల్‌బామ్ రూపొందించిన ఆ శాశ్వత ప్రదర్శనలో సందర్శకునికి ఒక నిజమైన బాధితుని లేదా బతికి బయటపడిన మనిషి వివరాలున్న గుర్తింపు కార్డు ఇస్తారు, ఒకే ఊరి జనం ఫొటోలతో నిండిన ఎత్తైన గోపురం లోపలి నుంచి నడిపిస్తారు. పసిపిల్లల కంట పడకూడని దృశ్యాలకు అడ్డుగా పొట్టి గోడలు కట్టారు. ఎంత చూపాలన్న నైతిక ప్రశ్నకు అక్కడ గోడ ఎత్తు ఒక సమాధానం.

తేడా స్పష్టం కావడానికి తూర్పు చాళుక్యుల రాగి శాసనం ఒకదాన్ని మూడు పక్షాల చేతికీ ఇచ్చి చూడవచ్చు. మూడు నాలుగు రేకులు, వాటిని గుచ్చిన కడియం, దాని మీద వరాహ లాంఛనం, శ్రీ త్రిభువనాంకుశ అన్న బిరుదు ఉన్న ముద్ర, ఇదీ వస్తువు. వస్తుప్రధాన పక్షం ముద్ర మీద వెలుగు పడేలా దాన్ని ఒంటరిగా నిలిపి వంశం, శతాబ్దం, దొరికిన ఊరు మాత్రం చెప్పి ఊరుకుంటుంది. బోధనప్రధాన పక్షం ఒక రేకు అచ్చును పెద్దది చేసి గోడకెత్తి, రాజు పేరున్న పంక్తికి ఒక రంగు, దానమిచ్చిన గ్రామపు పొలిమేరలున్న పంక్తులకు మరో రంగు వేసి, పక్కనే నేటి తెలుగు లిపిలో పాఠాన్ని ఇస్తుంది. కథాప్రధాన పక్షం ఆ పొలిమేరల్లోని చెరువు, చింతచెట్టు, పుట్ట, బాట గీయించి, దానం పుచ్చుకున్నవాడు, ఆ భూమి దున్నినవాడు, శాసనం చెక్కినవాడు ముగ్గురినీ మాట్లాడిస్తుంది. మొదటిది గౌరవాన్నిస్తుంది కాని శాసనాలు తెలిసినవాడికే అందుతుంది. రెండోది శ్రమకు తగ్గ ఫలం ఇస్తుంది కాని నిలబడి చదివే ఓపిక కోరుతుంది. మూడోది అందరినీ ఆపుతుంది, అయితే దున్నినవాడి గురించి ఆ రేకుల మీద ఒక్క మాటైనా ఉందా అన్న ప్రశ్నకు తరచు తడబడుతుంది. చరిత్ర ప్రదర్శనలకు రెండోదే గట్టి పునాది అని చెప్పడానికి తగినంత ఆధారం ఉంది, మిగిలిన రెండూ దానికి అవసరాన్ని బట్టి తోడు రావలసినవే.

ఈ మూడింటినీ నిలదీసే విమర్శనాత్మక ధోరణి 1970ల తర్వాత బలపడింది. తెల్లగోడ తటస్థం కాదని 1976లో కళా విమర్శకుడు బ్రయన్ ఓడహర్టీ తన వ్యాసాల్లో వాదించాడు. 1992లో బాల్టిమోర్‌లోని మేరీలాండ్ చారిత్రక సంఘంలో కళాకారుడు ఫ్రెడ్ విల్సన్ ఆ సంఘం సొంత సంచయం నుంచే మెరుగు పెట్టిన వెండి పాత్రలనూ బానిసల సంకెళ్లనూ ఒకే పెట్టెలో ఉంచి, లోహపు పని అని పాత మ్యూజియం ధోరణిలోనే ఒక పొడి లేబుల్ తగిలించాడు. కొత్త వస్తువు లేదు, కొత్త సమాచారమూ లేదు. రెండు వస్తువుల మధ్య దూరాన్ని తగ్గించి, ఒక్క వర్గీకరణ కింద చేర్చడంతోనే ఎన్నో పుటల చరిత్ర వెలికి వచ్చింది.

చదివేవారి గురించి తెలిసినది

సందర్శకులు లేబుళ్లు చదవరన్న ఫిర్యాదు మ్యూజియమంత పాతది. యేల్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ రాబిన్సన్ 1928లోనూ, ఆయన సహచరుడు ఆర్థర్ మెల్టన్ 1935లోనూ ప్రచురించిన పరిశీలనలు జనం గదిలో ఎటు తిరుగుతారు, ఎక్కడ ఎంతసేపు ఆగుతారు అన్నవి గడియారంతో కొలవడం నేర్పాయి. 1998లో బెవర్లీ సెరెల్ 100కు పైగా ప్రదర్శనల సమాచారాన్ని పోల్చి, చాలావాటిలో సందర్శకులు గడిపే కాలం 20 నిమిషాల లోపేనని చూపింది. గోడల మీది పాఠమంతా చదవడానికి గంటకు పైగా పట్టే ప్రదర్శనలు సర్వసాధారణం కనుక, ఈ లెక్క చాలా ప్యానెళ్ల మీద తీర్పు చెప్పినట్టయింది.

దీనికి భిన్నమైన కోణాన్ని 1989లో పరిశోధకురాలు పాలెట్ మెక్‌మానస్ లండన్ సహజ చరిత్ర మ్యూజియం పరిశోధనతో అందించింది. పైకి చదువుతున్నట్టు కనిపించని కుటుంబాల సంభాషణలను నమోదు చేస్తే, లేబుల్‌లోని మాటలే వారి నోట యథాతథంగా వినిపించాయి. అంటే జనం చదువుతారు, కాని పుస్తకం చదివినట్టు కాదు, చూపు విసిరి ఒక ముక్క అందుకొని దాన్ని పక్కవారికి అందిస్తారు. స్వీడన్‌లో మార్గరెటా ఎకార్వ్ తపాలా మ్యూజియం కోసం రాసిన పాఠాలు ఈ తీరుకు సరిపోతాయి. పొట్టి పంక్తులు, ఒక్కో పంక్తి ఊపిరి తీసుకునే చోట విరగడం, కర్త క్రియ దగ్గరగా ఉండటం ఆమె పద్ధతి.

ఈ ఫలితాలను పక్కపక్కన పెడితే ఎంత రాయాలన్న పాత తగాదా కరిగిపోతుంది. ఒక ప్యానెల్‌కు ఒకే విషయం, వస్తువు లేబుల్‌కు 50 మాటల చుట్టుపక్కల, కంటికి కనబడేదానితో మొదలుపెట్టి కనబడనిదాని వైపు వెళ్లే క్రమం అన్న నియమాలను నేడు ఏ పక్షమూ గట్టిగా కాదనడం లేదు. అయితే ఈ కొలతలన్నీ ఎక్కువగా అమెరికా, ఐరోపా సందర్శకుల మీద తీసినవి. బడి పిల్లల బృందాలు, పెళ్లికో యాత్రకో నగరానికి వచ్చిన పదిమంది బంధువులు, వారిలో చదువుకున్న ఒక్కరు పైకి చదువుతుంటే మిగిలినవారు వినడం, ఇటువంటి సందర్శన హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం వంటి చోట్ల సాధారణం. పైకి చదివితే చెవికి ఇంపుగా ఉండే వాక్యం అక్కడ కంటికి సులువైన వాక్యం కన్నా ముఖ్యం కావచ్చు. లేబుల్ రాసేవారు దాన్ని ఒకసారి బిగ్గరగా చదివించి చూడటం ఖర్చు లేని పరీక్ష, అయినా అరుదుగా జరుగుతుంది.

గీత గీస్తే వాదన చేసినట్టే

శాతవాహనుల మీద ప్రదర్శన అనగానే రెండు చిత్రాలు తప్పవు, ఒక కాలరేఖ, ఒక పటం. కాలరేఖ మీద ఆ వంశపు పట్టీ ఎక్కడ మొదలవ్వాలన్న దగ్గరే చిక్కు మొదలవుతుంది. పురాణాల్లో కొన్ని ఆ వంశపాలనకు 460 ఏళ్లు చెబితే మరికొన్ని 300 ఏళ్లే చెబుతాయి. వాటిని బట్టి ఆరంభాన్ని క్రీ.పూ. 3వ శతాబ్దంలో పెట్టే చరిత్రకారులూ, నాణేల, శాసనాల ఆధారంతో క్రీ.పూ. 1వ శతాబ్దానికి దించేవారూ ఉన్నారు. పుస్తకంలో ఈ భేదాన్ని అధోజ్ఞాపికలో చెప్పవచ్చు. గోడ మీద మాత్రం రంగు పట్టీకి ఎడమ కొస ఒకచోట తెగి తీరాలి. డిజైనర్ ఏ సంవత్సరం దగ్గర దాన్ని కోస్తే ఆ వాదానికి మ్యూజియం ముద్ర పడినట్టే. పట్టీ కొసను క్రమంగా వెలిసిపోయేలా చేయడం, లేదా రెండు ఆరంభాలనూ చుక్కల గీతతో చూపడం తేలికైన పనే, కాని దానికి ఇది వివాదాస్పదమని డిజైనర్‌కు ఎవరో ఒకరు చెప్పి ఉండాలి.

పటం సంగతి ఇంకా జటిలం. రాజ్యాన్ని గట్టి సరిహద్దు గీతతో, లోపల ఒకే రంగుతో నింపి చూపే అలవాటు ఆధునిక రాజ్యాల నుంచి ప్రాచీన కాలానికి వెనక్కి పాకినది. అసలు ఆధారాలు ఒక శాసనం ఉన్న కొండ, నాణేలు దొరికిన దిబ్బ, రేవు, దారి వంటి బిందువులు మాత్రమే. కోటిలింగాలలో దొరికిన తొలి శాతవాహన నాణేలు అక్కడ ఆ వంశపు ఉనికికి సాక్ష్యమే గాని, అక్కణ్ణుంచి పక్క బిందువు దాకా ఉన్న అడవంతా వారి ఏలుబడిలో ఉందనడానికి సాక్ష్యం కాదు. ప్రాచీన రాజ్యాలను రంగు నింపిన ప్రదేశాలుగా కాక బిందువులను కలిపే వలలుగా గీయాలని 2005లో పురావస్తు శాస్త్రవేత్త మోనికా స్మిత్ వాదించింది. పండితుల్లో ఈ వాదానికి ఆదరణ ఉన్నా, మ్యూజియం గోడల మీద రంగు నింపిన పటాలే రాజ్యమేలుతున్నాయి. పైగా భారతదేశ బాహ్య సరిహద్దులను సర్వే ఆఫ్ ఇండియా పటానికి భిన్నంగా ప్రచురించడం 1961 నాటి చట్టం ప్రకారం శిక్షార్హం కనుక, రెండు వేల ఏళ్ల నాటి రాజ్యం కూడా నేటి సరిహద్దుల చట్రంలోనే కనబడటం పరిపాటి అయింది. చట్టాన్ని పాటిస్తూనే, నేటి సరిహద్దును లేతగా నేపథ్యంలోకి నెట్టి, నదులనూ కనుమలనూ ముందుకు తేవడం ఇక్కడ ఆచరణీయమైన మార్గం.

ఒకే వస్తువుకు రెండు తేదీలున్నప్పుడు లేబుల్ ఏం చేయాలన్న దానికి అమరావతి శిల్పం ఒకటి మంచి ఉదాహరణ. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక స్తూప ఫలకానికి ఒకవైపు క్రీ.పూ. 1వ శతాబ్దపు చెక్కడం ఉంది, కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాతిని తిప్పి రెండోవైపు క్రీ.శ. 3వ శతాబ్దపు శైలిలో స్తూపాన్ని చెక్కారు. తేదీ అన్న గడిలో ఒకే శతాబ్దం పట్టే లేబుల్ నమూనాకు ఈ రాయి లొంగదు. దానికి మూడో తేదీ కూడా ఉంది. 1797లో కాలిన్ మెకంజీ ఆ చోటును చూడటం, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించడం, ఆ తర్వాత శిల్పాలు మద్రాసుకూ లండన్‌కూ తరలిపోవడం ఆ స్తూపపు చరిత్రలో భాగమే. తవ్వకం, తరలింపు గురించి లేబుల్ ఎన్ని పంక్తులు ఇవ్వాలి, అవి ప్రధాన పాఠంలో రావాలా లేక అడుగున చిన్న సైజులో సేకరణ సంఖ్య పక్కన రావాలా అన్నది సైజు ప్రశ్నలా కనబడే రాజకీయ ప్రశ్న.

రాజకీయం బాహాటంగా గోడను కూల్చిన సందర్భమూ ఉంది. హిరోషిమా మీద బాంబు వేసిన ఎనోలా గే విమానాన్ని 1995లో యుద్ధాంతపు 50వ వార్షికోత్సవానికి ప్రదర్శించాలని స్మిత్‌సోనియన్ వైమానిక, అంతరిక్ష మ్యూజియం తలపెట్టినప్పుడు, ప్యానెళ్ల పాఠం మీద మాజీ సైనికుల సంఘాలు తీవ్రంగా అభ్యంతరం చెప్పాయి. పాఠాన్ని పలుమార్లు తిరగరాసినా వివాదం చల్లారలేదు. జనవరిలో ప్రదర్శన రద్దయింది, మేలో డైరెక్టర్ మార్టిన్ హార్విట్ రాజీనామా చేశాడు, జూన్‌లో విమాన భాగాన్ని అతి తక్కువ చారిత్రక వ్యాఖ్యతో పెట్టారు. తక్కువ రాయడం వస్తువు పట్ల గౌరవమన్న పాత వాదం అక్కడ మాట్లాడకుండా తప్పించుకునే మార్గమైంది. తెలుగునాట ఇటువంటి పరీక్ష హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన 1948 సెప్టెంబరు ఘట్టం రూపంలో ఎదురవుతుంది. ప్యానెల్ లోపలి పాఠంలో పోలీసు చర్య, విలీనం, విమోచన అన్న మూడు దృష్టులకూ చోటివ్వవచ్చు, నాలుగంగుళాల శీర్షికలో మాత్రం ఒక్కటే పడుతుంది. జనంలో ఎక్కువమంది చదివేది ఆ శీర్షికనే.

తెలుగు లిపి తెచ్చే లెక్కలు

ప్రదర్శన గ్రాఫిక్స్ మీద వచ్చిన ప్రామాణిక గ్రంథాలన్నీ రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకొని రాసినవి. వాటి కొలతలను తెలుగుకు యథాతథంగా దించితే దెబ్బతినేది మొదట పంక్తుల మధ్య ఎడం. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు ఉంటాయి. రాష్ట్రకూటులు అన్న పేరులో ఒక అక్షరం కింద రెండు ఒత్తులు పేరుకుంటాయి. ఇంగ్లీషుకు సరిపోయే ఎడంలో దాన్ని ఇరికిస్తే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడిని గుద్దుకుంటుంది. ఎడం పెంచితే ప్యానెల్‌లో పట్టే మాటలు తగ్గుతాయి. ఇంగ్లీషు పాఠానికి ముందే కొలత తీసి గీసిన గడిలో చివరి నిమిషంలో వచ్చిన తెలుగు అనువాదాన్ని సర్దవలసి వచ్చినప్పుడు, డీటీపీ ఆపరేటర్ చేయగలిగిందల్లా సైజు తగ్గించడమే. రెండు భాషల ప్యానెళ్లలో తెలుగు చిన్నగా, కిక్కిరిసి కనబడటానికి భాషాభిమానం లోపించడం కన్నా ఈ పని వరుసే పెద్ద కారణం.

రెండో చిక్కు సాంకేతికం. యూనికోడ్‌కు ముందు కాలపు ఫాంట్లలో టైపు చేసే అలవాటు డీటీపీ కేంద్రాల్లో ఇంకా బలంగా ఉంది. క్యూరేటర్ యూనికోడ్‌లో పంపిన పాఠాన్ని ఆ పాత అమరికలోకి మార్చే దశలో ఒత్తులు చోటు తప్పుతాయి. యూనికోడ్‌లోనే పని చేసినా, డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపులకు తగిన కూర్పు పద్ధతిని ఎంచుకోకపోతే సంయుక్తాక్షరం విడిపోయి పొల్లు, హల్లు వేర్వేరుగా నిలుస్తాయి. తెలుగు చదవలేని డిజైనర్‌కు ఆ తప్పు కంటికి ఆనదు. ప్రూఫును తెరమీద కాక, అసలు సైజులో ముద్రించిన నకలు మీద, తెలుగు వచ్చినవారే దిద్దాలన్న నియమం ఇందుకే అవసరం. వినైల్ కత్తిరించి అతికించే అక్షరాల్లో మరో ముప్పు ఉంది. థ లోపలి చుక్క, ఫ కింది గీత వంటి సన్నని భాగాలు చిన్న సైజులో ఊడిపోయి, ఒక అక్షరం మరొకటిగా మారుతుంది.

మూడోది, తెలుగుకు పెద్ద బడి అక్షరాలు లేవు, వాలు అక్షరాల సంప్రదాయమూ లేదు. సాఫ్ట్‌వేర్ బలవంతంగా వాల్చిన తెలుగు అక్షరం జారిపడుతున్నట్టే ఉంటుంది. శీర్షికకు, పాఠానికి, వస్తువు పేరుకు, దాత పేరుకు తేడా చూపడానికి సైజు, మందం, రంగు, చోటు మాత్రమే మిగులుతాయి. ఇందుకు ఒకే కుటుంబంలో అనేక మందాలున్న ఫాంట్ కావాలి, అది చాలాకాలం కరువు. పోతన, వేమన వంటి తొలి యూనికోడ్ ఫాంట్లు పుస్తకానికి దారి వేశాయి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, మండలి, ఎన్‌టీఆర్ వంటివి శీర్షికలకు వైవిధ్యం తెచ్చాయి. 2022లో ఏక్‌టైప్ బృందం విడుదల చేసిన అనేక్ తెలుగు సన్నం నుంచి మందం దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా ఒకే కుటుంబంలో ఇచ్చింది. ఉపకరణం లేదన్న సాకు ఇప్పుడు చెల్లదు.

భాషల వరుస గురించిన వాదం మాత్రం ఉపకరణాలతో తీరదు. కేంద్ర ప్రభుత్వ సంస్థల ఫలకాల మీద ప్రాంతీయ భాష, హిందీ, ఇంగ్లీషు మూడూ ఉండాలన్న పద్ధతిని లేబుళ్లకూ వర్తింపజేస్తే, 50 మాటల లేబుల్ 150 మాటలది అవుతుంది, వస్తువు అక్షరాల మధ్య మునుగుతుంది. మూడు భాషలకూ సమాన సైజు ఇవ్వాలనే వారు గౌరవాన్ని, ఒక భాషను ప్రధానం చేసి మిగిలినవాటిని చేతి పత్రంలో ఇవ్వాలనే వారు స్పష్టతను ముందుంచుతారు. 1998లో న్యూజిలాండ్‌లో తెరిచిన తె పాపా మ్యూజియం మావోరీ భాషకు ఇంగ్లీషుతో పాటు గోడ మీద చోటిచ్చి, భాషను అలంకారంగా కాక హక్కుగా చూడటానికి ఒక నమూనా చూపింది. హైదరాబాద్ చరిత్ర ప్రదర్శనలో ఉర్దూ చేరగానే సమస్య కొత్త మలుపు తిరుగుతుంది. తెలుగు కాలరేఖ ఎడమ నుంచి కుడికి నడిస్తే ఉర్దూ పాఠకుని చూపు కుడి నుంచి బయలుదేరుతుంది, ఒకరికి ఆరంభమైనది మరొకరికి ముగింపవుతుంది. ఏటవాలుగా దిగే నస్తాలీఖ్ లిపికి పంక్తుల ఎడం తెలుగు కన్నా ఎక్కువే కావాలి. కాలరేఖను నిలువుగా, పై నుంచి కిందికి నడిపించి, ఎడమ పక్క తెలుగును, కుడి పక్క ఉర్దూను నిలపడం ఒక పరిష్కారం, రెండు లిపులూ మధ్య గీత నుంచే మొదలుకావడానికి మాత్రం తెలుగును కుడి పక్కకు, ఉర్దూను ఎడమ పక్కకు మార్చాలి.

వెలుతురు, ఎత్తు, తెర

తాళపత్రాలు, నూలు, పట్టు వస్త్రాలు, నీటి రంగుల చిత్రాలు వెలుతురుకు పాడవుతాయి కనుక వాటికి 50 లక్స్ మించని కాంతి ఇవ్వాలన్నది పరిరక్షకుల నియమం. ఆ మసక వెలుగులోనే లేబుల్ కూడా చదవాలి. ముదురు నేలపై లేత అక్షరాలు అందంగా ఉన్నా, వయసు మీరిన కళ్లకు ఆ గదిలో అవి చెదిరిపోతాయి. పరిరక్షకుడు, డిజైనర్, విద్యుత్ పనివాడు ఒకే రోజు ఆ గదిలో కలిసి నిలబడితే తేలిపోయే సంగతి ఇది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం తర్వాత అందుబాటు దయాధర్మం కాక బాధ్యత అయింది. ఢిల్లీ నేషనల్ మ్యూజియం 2015లోనే తాకి చూడగల ప్రతిరూపాలతో అనుభవ్ గ్యాలరీని తెరిచింది. చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి చూపుకు, పదేళ్ల పిల్లవాడి చూపుకు ఎత్తు దాదాపు ఒకటేనన్నది డిజైనర్‌కు అనుకూలించే అంశం.

తెరలు, క్యూఆర్ కోడ్‌లు వచ్చాక గోడ మీద లేబుల్ అక్కర్లేదన్న వాదం బయలుదేరింది. 2011లో ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌లో తెరిచిన మోనా మ్యూజియం గోడల మీద లేబుళ్లే లేకుండా, సందర్శకుని చేతికిచ్చిన పరికరంలోనే సమాచారమంతా ఉంచింది. సొంత ధనంతో నడిచే కళా మ్యూజియంలో అది చెల్లింది. ఫోన్ లేనివారు, ఉన్నా నెట్ అందనివారు, పిల్లలు అధికంగా వచ్చే చరిత్ర మ్యూజియంలో అదే పని చేస్తే పాఠం కొందరికే మిగులుతుంది. లోతైన వివరానికి, అదనపు భాషలకు తెరను వాడటం వరకు అభ్యంతరం ఉండనక్కర్లేదు.

తేలని విషయాలు

మూడు విషయాలు ఇంకా చర్చలోనే ఉన్నాయి. మొదటిది, సందేహాన్ని చూపే గుర్తుల భాష. పురావస్తు చిత్రకారులకు లభించిన భాగానికి గట్టి గీత, ఊహించిన భాగానికి చుక్కల గీత అన్న సంప్రదాయం ఉంది. ఆ తేడా సామాన్య సందర్శకునికి అర్థమవుతుందా, లేక చుక్కల గీతను కూడా అతడు నిశ్చయంగానే తీసుకుంటాడా అన్నది ఎవరూ తృప్తికరంగా తేల్చలేదు. నాగార్జునకొండ మ్యూజియంలో జలాశయం కింద మునిగిన లోయ నమూనా ముందు ఇది స్పష్టంగా ఎదురయ్యే ప్రశ్న. సందేహం ఎక్కువ చూపితే నమ్మకం సడలుతుందని భయపడేవారు, చూపకపోతే చరిత్ర పురాణంగా మారుతుందని హెచ్చరించేవారు ఇద్దరూ తమ వాదానికి ఊహలే ఆధారంగా పెట్టుకున్నారు.

రెండోది పాల్గొనే హక్కు. సందర్శకులనూ, వస్తువు ఏ సమాజానిదో ఆ సమాజాన్నీ పాఠ రచనలో భాగస్వాములను చేయాలని 2010 తర్వాత నినా సైమన్ పుస్తకం ప్రభావంతో బలమైన ఉద్యమం సాగింది. చేనేత మీద ప్రదర్శనలో నేతగాని మాట గోడకెక్కడం న్యాయమే. అయితే అదే గోడ మీద ఆ మాట చరిత్రకారుని మాటతో విభేదించినప్పుడు రెండింటికీ ఏ సైజు, ఏ అక్షర రూపం ఇవ్వాలన్నదానికి ఇప్పటిదాకా సర్వసమ్మతమైన పద్ధతి లేదు. నేతగాని మాటను చేతిరాతలా కనబడే ఫాంట్‌లో, పండితుని మాటను నిటారైన ఫాంట్‌లో వేసే ప్రస్తుత అలవాటు ఇద్దరికీ అన్యాయం చేస్తుంది, ఒకరిది అభిప్రాయం, మరొకరిది సత్యం అని అక్షరమే ముందుగా తీర్పు ఇచ్చేస్తుంది.

మూడోది సంతకం, తేదీ. పుస్తకానికి రచయిత, ముద్రణ సంవత్సరం ఉంటాయి, పత్రికా వ్యాసానికి పేరుంటుంది, మ్యూజియం ప్యానెల్ మాత్రం సంస్థ పేరు చాటున అనామకంగా మాట్లాడుతుంది. ప్యానెల్ రాసినవారి పేరు, రాసిన సంవత్సరం అడుగున ఉంచే ప్రయోగాలు కొన్ని మ్యూజియాల్లో జరిగాయి. పేరు పెడితే పాఠం అధికారం తగ్గి ఒకరి అభిప్రాయంలా కనబడుతుందని పాలకమండళ్లు వెనకాడుతుంటే, తేదీ లేకపోవడం వల్లే కొత్త తవ్వకాలు పాత అభిప్రాయాన్ని తోసిపుచ్చిన తర్వాత కూడా యాక్రిలిక్ మీద చెక్కిన పాఠం ఏళ్ల తరబడి నిలిచిపోతోందని పరిశోధకులు వాదిస్తున్నారు. మార్చడానికి వీలైన పలకల మీద ముద్రించి, సంవత్సరం వేసి, నిర్ణీత గడువుకు పునఃపరిశీలించాలన్న ప్రతిపాదనకు సూత్రప్రాయంగా ఎవరూ అడ్డు చెప్పడం లేదు. ఆ పునఃపరిశీలనకు డబ్బు ఏ పద్దు కింద కేటాయించాలన్న దగ్గరే అది ఆగిపోతోంది, ఎందుకంటే ప్రదర్శన ప్రారంభోత్సవానికి బడ్జెట్‌లో చోటుంది గాని దాని దిద్దుబాటుకు లేదు.